మా జిన్నింగ్ మిల్లు లోన్: 14వ క్లాజు, 15వ క్లాజు

నకిరేకల్ దగ్గర మాకు చిన్న పత్తి జిన్నింగ్ మిల్లు ఉంది, అంటే పత్తి నుంచి గింజలు తీసి దూదిని బేళ్లు కట్టే మిల్లు. నాలుగున్నర ఎకరాల జాగా, 18 జిన్నులు, ఒక ప్రెస్సు. మా మామయ్య పెట్టిన మిల్లు. ఇప్పుడు లెక్కలు, బ్యాంకు పనులు నేను చూస్తాను; మెషిన్లు, పత్తి కొనుగోళ్లు మా మరిది చూస్తాడు. 2023లో లోన్‌ను పాత బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు మార్చుకున్నాం. ఈ రివ్యూ ఆ కొత్త లోన్ గురించి. రెండు బ్యాంకుల పేర్లూ రాయడం లేదు. బ్రాంచిని బట్టి, కుర్చీలో ఉన్న ఆఫీసరును బట్టి అనుభవం మారిపోతుంది. అగ్రిమెంటులో ఏం రాసి ఉందో అది మాత్రం మారదు కాబట్టి దాని గురించే రాస్తాను.

ఐదుకి మూడున్నర ఇస్తున్నాను. అందులో మూడు, 71 పేజీల అగ్రిమెంటులోని రెండు క్లాజులకే. 14వది మిల్లు కాలిపోతే, కూలిపోతే ఏం చేయాలన్నది. 15వది సర్కారు జాగా తీసుకుంటే ఏం చేయాలన్నది. వడ్డీ పాత బ్యాంకు కంటే పావు శాతం తక్కువ, అంతే. దాని కోసమే అయితే ఇంత తిరుగుడు పడేవాళ్లం కాదు.

ఎందుకు మారామో చెప్పాలంటే 2022 జనవరికి పోవాలి. సంక్రాంతి అయిన వారానికి, మధ్యాహ్నం షిఫ్టులో జిన్ను దగ్గర రవ్వ లేచింది. పత్తిలో చిన్న రాయో, ఇనుప ముక్కో వచ్చి రోలరుకు తగిలితే రవ్వ లేస్తుంది. జిన్నింగ్ చేసే వాళ్లందరికీ ఈ భయం ఉంటుంది. గాలి పైపులో దూదితో పాటు ఆ రవ్వ ప్రెస్సు రూముకు పోయింది. పది నిమిషాల్లో ప్రెస్సు, ఆరు జిన్నులు, పైకప్పు పోయాయి. అక్కడి నుంచి యార్డులో కుప్పకు అంటుకుంది. మా సంపు నీళ్లు, హమాలీల ధైర్యం లేకపోతే మొత్తం పోయేది. మనుషులకు ఎవరికీ ఏమీ కాలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ దేవుడికి దండం పెడతాను.

బీమా ఉంది. 2021 ఏప్రిల్ 1 నుంచి చిన్న సంస్థల కోసం వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ తీసుకున్నాం. ఒక చోట ఉన్న ఆస్తి విలువ మొత్తం 5 కోట్లు దాటకపోతే అది సరిపోతుంది. పాలసీ మంచిదే, తప్పు మా లెక్కలో జరిగింది. 2021 అక్టోబరులో సరుకు విలువ రాసేటప్పుడు పొడవు పింజ పత్తి మద్దతు ధర 6,025 రూపాయలు ఉంటే, కొంచెం కలిపి క్వింటాలుకు 6,500 చొప్పున వెయ్యి క్వింటాళ్లకు 65 లక్షలు వేశాం. జనవరికి ధర ఎక్కడికి పోయిందో ఆ ఏడాది పత్తి పండించిన ప్రతి రైతుకూ గుర్తుంటుంది. బీమా కంపెనీ పంపిన సర్వేయర్ లెక్కలో సగటు 9,500 వచ్చింది. అంటే యార్డులో 95 లక్షల సరుకు ఉంటే మేం 65 లక్షలకే బీమా చేసినట్టు. ఈ పాలసీలో 15 శాతం దాకా తక్కువ చూపినా పట్టించుకోరు. మాది 30 శాతం దాటింది. కాలింది 400 క్వింటాళ్లు, 38 లక్షలు. చేతికి లెక్కగట్టింది 26 లక్షలు. 65ను 95తో భాగించి ఎంత వస్తే అంత వంతు. మిల్లు ఉన్న వాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోండి. సీజన్ మధ్యలో ధర పెరిగితే బీమా కంపెనీకి రాసి, కొంచెం ప్రీమియం కట్టి విలువ పెంచుకోవచ్చు. ఆ పని అప్పుడు మేం చేయలేదు. ఇప్పుడు నెలకోసారి చూస్తున్నాను.

ప్రెస్సు, జిన్నులు, కప్పు కలిపి 42 లక్షలు ఒప్పుకున్నారు. అన్నీ కలిపి 68 లక్షలు. ఏడు నెలలకు వచ్చింది.

వచ్చింది అన్నాను గానీ మా ఖాతాలోకి రాలేదు. పాలసీ మీద అగ్రీడ్ బ్యాంక్ క్లాజ్ అని ఒకటి ఉంటుంది. లోన్ ఉన్న ఆస్తికి బీమా చేస్తే బ్యాంకులు దాదాపు అన్నీ అది పెట్టిస్తాయి. దాని ప్రకారం బీమా కంపెనీ డబ్బును బ్యాంకుకు ఇస్తుంది, బ్యాంకు రసీదు ఇస్తే కంపెనీ బాధ్యత తీరిపోతుంది. ఆ తర్వాత ఆ డబ్బు ఏమవుతుందో పాలసీలో ఉండదు, లోన్ అగ్రిమెంటులో ఉంటుంది. మా పాత అగ్రిమెంటులో ఒకే ఒక్క వాక్యం: బీమా డబ్బును బ్యాంకు తన విచక్షణ ప్రకారం బకాయిలకు జమ చేసుకోవచ్చు. మా మామయ్య సంతకం చేసినప్పుడు ఎవరూ అది చదవలేదు. నేనూ చదవలేదు.

సరుకు తాలూకు 26 లక్షలు క్యాష్ క్రెడిట్‌కు, అంటే సరుకు మీద బ్యాంకు ఇచ్చే అప్పు ఖాతాకు జమ చేశారు. సరుకు లేదు కాబట్టి డ్రాయింగ్ పవర్ (సరుకు విలువను బట్టి తీసుకోగల పరిమితి) తగ్గించారు, అంటే ఆ 26 లక్షలు మళ్లీ తీసుకునే వీలు లేదు. మిగతా 42 లక్షలు టర్మ్ లోన్‌లో వేశారు. ఈఎంఐ అయినా తగ్గించారా అంటే లేదు. నెలకు 1,92,000 అలాగే ఉంచి, చివర్లో కట్టాల్సిన నెలలు తగ్గించారు. మిల్లు తిరగడం లేదు, ప్రెస్సు లేదు, ఈఎంఐ మాత్రం పూర్తిగా కట్టాలి. "మేడమ్, మీ లోన్ తగ్గింది కదా, మంచిదే కదా" అన్నాడు అక్కడి ఆఫీసరు. ఆయన మంచిగానే అన్నాడు. ఆ మాట వినగానే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. లోన్ సగం తగ్గి, తిరిగే మెషిన్ లేని మిల్లుతో ఏం చేయాలి?

పైగా తాకట్టు విలువ తగ్గిందని నల్గొండలో మా ఇల్లు కూడా రాసివ్వమన్నారు. ప్రెస్సు కోసం బయట 35 లక్షలు రెండు రూపాయల మిత్తికి తెచ్చాం. నెలకు 70 వేలు మిత్తికే పోయేది. అక్టోబరులో పత్తి మొదలైతే మా మిల్లు నవంబరు ఆఖరుకు తిరిగింది. ఆ రెండు నెలల్లో రైతులు వేరే మిల్లులకు అలవాటు పడ్డారు. కొందరు ఇప్పటికీ తిరిగి రాలేదు.

అందుకే 2023లో లోన్ మార్చాలనుకున్నప్పుడు, సంతకానికి ముందే అగ్రిమెంటు తెచ్చుకుని నల్గొండ కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక వకీలు సారుకు ఇచ్చాను. 15,000 ఫీజు. మేం పెట్టిన ఖర్చులన్నిటిలో ఇది బాగా కలిసొచ్చిన ఖర్చు. రెండు సాయంత్రాలు కూర్చోబెట్టి ఒక్కో లైను చదివించారు. అందులో క్యాజువాల్టీ, కండెమ్నేషన్ అనే మాటలు ఉన్నాయి. మనకు క్యాజువాల్టీ అంటే ఆస్పత్రిలో అర్జెంటు కేసులు చూసే చోటు. ఇక్కడ దాని అర్థం అగ్గి, గాలివాన, వరద లాంటి వాటితో ఆస్తికి జరిగే నష్టం. కండెమ్నేషన్ అంటే సర్కారు ప్రజల పని కోసం ఆస్తిని తీసుకోవడం, మన మాటలో భూసేకరణ. డల్లాస్‌లో ఉన్న మా అన్న కొడుకు స్నేహితులతో కలిసి ఒక చిన్న ఆఫీసు బిల్డింగు కొన్నాడు. ఫోన్‌లో చదివి వినిపిస్తే, వాళ్ల లోన్ కాగితంలోనూ అచ్చం ఇవే మాటలు ఉన్నాయన్నాడు. అక్కడ ప్రభుత్వం ఆస్తి తీసుకుంటే న్యాయమైన పరిహారం ఇవ్వాలని వాళ్ల రాజ్యాంగం ఐదో సవరణలోనే ఉందట. ఆ డబ్బు ముందు ఎవరి చేతికి పోవాలన్న తగువు మాత్రం అక్కడా లోన్ కాగితంలోనే తేలుతుంది.

వకీలు సారు చెప్పిన ఇంకో సంగతి నాకు బాగా పనికొచ్చింది. మన దగ్గర అగ్రిమెంటులో ఏమీ రాయకపోయినా 1882 ఆస్తి బదిలీ చట్టం ఉండనే ఉంది. తాకట్టు ఆస్తిని సర్కారు సేకరిస్తే, ఆ పరిహారంలోంచి తన బాకీ అడిగే హక్కు 73వ సెక్షన్ బ్యాంకుకు ఇస్తుంది. కిస్తీల గడువు ఇంకా రాకపోయినా అడగవచ్చు. ఎవరి తప్పూ లేకుండా ఆస్తి నాశనమై తాకట్టు చాలకపోతే, బ్యాంకు ముందు ఇంకో తాకట్టు పెట్టే అవకాశం సహేతుకంగా ఇవ్వాలి, అది కూడా పెట్టకపోతేనే దావా వేయాలి అని 68వ సెక్షన్ అంటుంది. చాలకపోవడం అంటే ఎంత అన్నది 66వ సెక్షన్‌లో ఉంది: ఆస్తి విలువ బాకీ కంటే కనీసం మూడో వంతు ఎక్కువ ఉండాలి, కట్టడాలైతే సగం ఎక్కువ ఉండాలి. ఇల్లు రాసివ్వమని పాత బ్యాంకు అడిగినప్పుడు ఈ లెక్క నాకు తెలిసి ఉంటే, కాగితం మీద పెట్టి మాట్లాడేదాన్ని.

కొత్త బ్యాంకు మొదట ఇచ్చిన కాగితంలోనూ విచక్షణ మాటే ఉంది. మార్చమన్నాం. "ఫార్మాట్ మారదు మేడమ్" అన్నారు. మూడు వారాలు తిరిగాం. ప్రెస్సు కాలిన ఫొటోలు, ఈఎంఐ కట్టిన రసీదులు, బయట మిత్తి కట్టిన లెక్క ముందు పెట్టి, ఒక్క నెల కూడా ఆపలేదని చూపించాను. చివరికి శాంక్షన్ లెటర్‌కు జత కాగితంగా రాసి ఇచ్చారు. బీమా డబ్బు 10 లక్షల లోపైతే వారంలో మా కరెంటు ఖాతాకు వేయాలి. మేం 25 అడిగాం, 10కి ఒప్పుకున్నారు. 10 దాటితే విడి ఖాతాలో పెట్టి, పని జరిగిన కొద్దీ ఇంజినీరు సర్టిఫికెట్, బిల్లులు చూసి ఇవ్వాలి. ప్రతి బిల్లులో 10 శాతం పని పూర్తయ్యే దాకా ఆపుకోవచ్చు. ఇదంతా వర్తించాలంటే మేం కిస్తీలు సరిగా కడుతూ ఉండాలి, కట్టడానికయ్యే ఖర్చు బీమా డబ్బు కంటే ఎక్కువైతే ఆ తేడా మేం ముందే చూపించాలి, పని ఏడాదిలో ముగియాలి. ఇవి న్యాయమైనవే. బ్యాంకు డబ్బు పెట్టింది, దానికీ భయం ఉంటుంది.

కాలినా కూలినా మూడు రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలన్నది కూడా ఉంది. మా మరిది ఆ పేజీ ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకున్నాడు.

2024 ఏప్రిల్‌లో ఈదురుగాలికి గింజల గోదాము రేకులు లేచిపోయాయి. క్లెయిము 6,40,000. డబ్బు బ్యాంకుకు వచ్చిన ఆరో రోజు మా ఖాతాలో పడింది. వానాకాలానికి ముందే రేకులు వేశాం. పాత బ్యాంకైతే ఆ డబ్బు లోన్‌లో కలిసిపోయేది, గింజలు వానకు తడిసేవి.

అసలు పరీక్ష 15వ క్లాజుకు వచ్చింది. మా ముందు నుంచి పోయే రోడ్డు వెడల్పు కోసం 18 గుంటలు తీసుకున్నారు. మా నాలుగున్నర ఎకరాలు, అంటే 180 గుంటల్లో పదో వంతు. చూడటానికి తక్కువే. కానీ అందులోనే గేటు, ప్రహరీ, వేబ్రిడ్జి, మంటలార్పే నీళ్ల సంపు ఉన్నాయి. వేబ్రిడ్జి లేకుండా పత్తి బండి తూకం ఎలా? సంపు లేకుండా సీజన్‌లో నిద్ర ఎలా పడుతుంది?

జాతీయ రహదారి అయితే 1956 చట్టం ప్రకారం నడుస్తుంది. ముందు 3ఏ సెక్షన్ కింద భూమి తీసుకుంటామనే నోటిఫికేషన్ వస్తుంది, దాని మీద 21 రోజుల్లో అభ్యంతరం చెప్పాలి. 3డీ ప్రకటన వచ్చిందంటే భూమి ఎలాంటి బాధ్యతలూ లేకుండా కేంద్రానికి చెందిపోతుంది. అంటే ఆ ముక్క మీద బ్యాంకు తాకట్టు కూడా పోతుంది. ఇక బ్యాంకు చూపంతా పరిహారం మీదే ఉంటుంది. పరిహారం లెక్క 2013 భూసేకరణ చట్టం ప్రకారం వేస్తారు కాబట్టి, లెక్కకట్టిన విలువకు సమానంగా ఇంకో నూరు శాతం సోలేషియం (బలవంతంగా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము) కలుస్తుంది. జాతీయ రహదారులకూ సోలేషియం, వడ్డీ ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. ఇచ్చింది చాలదనుకుంటే కేంద్రం నియమించిన ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) దగ్గరకు పోవచ్చు.

నోటీసు రాగానే మేం బ్యాంకుకు కాపీ ఇవ్వాలి, బ్యాంకు ఒప్పుకోకుండా రాజీ పడకూడదు అని 15వ క్లాజులో ఉంది. ఇచ్చాం. అభ్యంతరంలో గేటు, వేబ్రిడ్జి, సంపు విడివిడిగా రాయించాం. వకీలు సారు దగ్గరుండి రాయించారు, లేకపోతే కట్టడాలన్నీ ఒకే గంపగుత్త లెక్కలో పోయేవి. మొత్తం 61 లక్షలు వచ్చింది. అందులో కట్టడాలకు 19, భూమికి 42.

మేం రాయించుకున్న దాని ప్రకారం జాగాలో 15 శాతం లోపు పోయి, మిల్లు నడిచే స్థితిలో ఉంటే, కట్టడాల డబ్బు మొత్తం మళ్లీ కట్టుకోవడానికే ఇవ్వాలి. భూమి డబ్బులో సగం లోన్‌కు, సగం మాకు. లోన్‌కు వేసిన సగంతో ఈఎంఐ తగ్గించాలి, నెలలు తగ్గించకూడదు. ముందస్తుగా కట్టినందుకు ఛార్జీ వేయకూడదు. అప్పటికి బాకీ 96 లక్షలు. 21 లక్షలు జమ అయ్యాక ఈఎంఐ 2,10,000 నుంచి సుమారు 1,64,000కు దిగింది. ఆ కాగితం చూపించినప్పుడు మా మరిది, "వదినా, ఇది 2022లో ఉంటే ఎంత బాగుండేది" అన్నాడు. ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు.

ఇప్పుడు ఒకటిన్నర మార్కు ఎందుకు తీసేశానో చెబుతాను.

21 లక్షలు జమ అయిన రోజే, ముందస్తు చెల్లింపు ఛార్జీ 2 శాతం, జీఎస్టీతో కలిపి 49,560 రూపాయలు కట్ అయ్యాయి. సర్కారు భూమి తీసుకుంటే వచ్చిన డబ్బు అది, మేం ఇష్టపడి ముందుగా కట్టింది కాదు. జత కాగితం చూపిస్తే బ్రాంచిలో ఎవరికీ దాని సంగతి తెలియదు. సంతకం పెట్టిన మేనేజరు బదిలీ అయ్యాడు. కంప్యూటరులో మామూలు అగ్రిమెంటే ఎక్కింది, జత కాగితం ఫైలులోనే ఉంది. తిరిగి జమ కావడానికి 19 రోజులు పట్టింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ మీద ఇచ్చే వ్యాపార లోన్లకు వాణిజ్య బ్యాంకులు ఈ ఛార్జీ వేయకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది, కానీ అది 2026 జనవరి 1 నుంచి మంజూరైన లేదా రెన్యువల్ అయిన లోన్లకే. అంతకు ముందువి అగ్రిమెంటు రాతను బట్టే ఉంటాయి. మీ లోన్ ఏ తేదీదో చూసుకోండి.

రెండోది, విడి ఖాతాలో పెట్టిన 19 లక్షలకు వడ్డీ లేదు. అదే సమయంలో లోన్ మీద మేం వడ్డీ కడుతూనే ఉన్నాం. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టి దాని మీద మీ హక్కు రాసుకోండి అని అడిగాం. కుదరదన్నారు. ఇది సంతకానికి ముందే అడగాల్సింది. మాకు తట్టలేదు.

మూడోది చిన్నదే గానీ భయపెట్టింది. లోన్ మారిన తర్వాత పాలసీ మీద పాత బ్యాంకు పేరు నెల రోజులు అలాగే ఉంది. కొత్త బ్యాంకు చూడలేదు, ఏజెంటు చూడలేదు. రెన్యువల్ కాగితాలు సర్దుతుంటే నా కంటపడింది. ఆ నెలలో మిల్లుకు ఏమైనా జరిగి ఉంటే, తీరిపోయిన లోన్ ఉన్న బ్యాంకుకు డబ్బు పోయేది. దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి ఎన్ని నెలలు పట్టేదో. లోన్ మార్చుకున్న వారంలోనే పాలసీ మీద పేరు మార్పించండి.

2024 అక్టోబరు 1 నుంచి చిన్న సంస్థల టర్మ్ లోన్లకూ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే చిన్న కాగితం ఇస్తున్నారు. వడ్డీ, ఛార్జీలు అన్నీ కలిపి ఏడాదికి ఎంత పడుతుందో అందులో తెలుస్తుంది, మంచి పని. అది చూసి చాలు అనుకోవద్దు. కాలిపోయినప్పుడు డబ్బు ఎటు పోతుందన్నది పెద్ద అగ్రిమెంటులోనే, చివరి పేజీల వైపు ఉంటుంది. మిర్యాలగూడలో రైసు మిల్లు ఉన్న మా చుట్టాలావిడ ఈ మధ్య కొత్త లోన్‌కు పోతుంటే ఇదే చెప్పాను. ఆమె చదివి, వాళ్ల కాగితంలోనూ విచక్షణ మాటే ఉందని ఫోన్ చేసింది. నా జత కాగితం కాపీ పంపాను.

ఇదే బ్యాంకులో మళ్లీ లోన్ తీసుకుంటారా అని అడిగితే, తీసుకుంటాను. కాకపోతే జత కాగితంలో చెప్పింది కంప్యూటరులో ఎక్కించినట్టు ప్రింటు తీయించుకుని, డిపాజిట్ వడ్డీ మాట రాయించుకుని, అప్పుడు సంతకం పెడతాను.

వేబ్రిడ్జి కొత్త గేటు పక్కన పెట్టాం, తూకం మొదలైంది. ప్రహరీ అయిపోయింది. సంపు పాతదానికంటే లోతుగా తవ్వించాం, పైకప్పు స్లాబు మిగిలింది. ఆపుకున్న 10 శాతం, 1,90,000, అది అయ్యాకే ఇస్తారు. ఇంజినీరు వచ్చే వారం చూడటానికి వస్తానన్నాడు. డబ్బు పడ్డ రోజు ఇక్కడే తేదీ రాస్తాను.